డాక్యుమెంటరీకి కావలసింది బిరుదులు కాదు, తెర

1968లో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 'ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్' అనే చిన్న డాక్యుమెంటరీ తీశాడు. నాలుగు మహానగరాల్లో మేడల పక్కనే మురికివాడలున్నాయని అది చూపింది. సెన్సారు వారు దానికి 'యు' సర్టిఫికెట్ నిరాకరించారు. అబ్బాస్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం 'యు' ఇస్తానన్నది. అయినా ఆయన వాదన మానలేదు. తన ఒక్క చిత్రం గట్టెక్కితే సమస్య తీరదని ఆయనకు తెలుసు. 1970లో కోర్టు ముందస్తు సెన్సారును సమర్థించింది. అబ్బాస్ ఓడిపోయాడు, ఆయన లేవనెత్తిన ప్రశ్న ఓడిపోలేదు.

ఆనంద్ పట్వర్ధన్ 1995లో తీసిన 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' జాతీయ అవార్డులు పొందింది. దూరదర్శన్ మాత్రం ప్రసారానికి ఒప్పుకోలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే గాని దారి దొరకలేదు. ఒక చేత్తో బిరుదు, మరో చేత్తో తెర మూసివేత - ఇదీ మన వ్యవస్థ డాక్యుమెంటరీకి చేసే సన్మానం!

2004లో బొంబాయి అంతర్జాతీయ చిత్రోత్సవం సందర్భంగా డాక్యుమెంటరీ దర్శకులు 'వికల్ప్' పేరిట ప్రత్యామ్నాయ ప్రదర్శనలు జరుపుకున్నారు. తెర ఇవ్వకపోతే తామే తెర కట్టుకున్నారన్నమాట.

మరి రచయితలుగా మన బాధ్యత ఏమిటి? కథకూ కవితకూ ఇచ్చే చోటు మన పత్రికల్లో డాక్యుమెంటరీకి ఇస్తున్నామా? మన సభల్లో ఒక పూట ప్రదర్శనకు కేటాయిస్తున్నామా? సానుభూతి తీర్మానాలు చాలవు. చూడాలి, చూపించాలి, లోపముంటే నిర్మొహమాటంగా విమర్శించాలి. విమర్శకు నోచుకోని కళకు సమాజంలో వేళ్లు దిగవు.