కారు సారథ్యానికి క్రయమా, చందాయా?

మా కళాశాలలో భౌతికశాస్త్రపు తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి నన్ను ఇట్లా అడిగాడు: "సార్, లక్షలు పోసి కారు కొన్నవాడు, ఆ కారు తెలివికి మళ్ళీ నెలనెలా డబ్బు ఎందుకు కట్టాలె?" ప్రశ్న చిన్నదే. కాని అందులో యంత్రశాస్త్రం, అంకగణితం, న్యాయం మూడూ ఇమిడి ఉన్నవి. వాటిని విడదీసి పరిశీలిద్దాం.

ముందుగా అమ్మే సరుకు ఏదో తెలుసుకోవలె. తనంత తాను నడిచే కారులో రెండు భాగాలు ఉంటవి. కెమెరాలు, కంప్యూటరు మొదలైనవి కంటికి కనిపించే భాగం. కెమెరా చూపిన దృశ్యంలో ఇది మనిషి, ఇది ఎద్దుబండి, ఇక్కడ ఆగవలె, అక్కడ మళ్ళవలె అని నిర్ణయించే ఆదేశాల సముదాయం రెండవది. దీనినే సాఫ్ట్‌వేరు అంటారు. మొదటి భాగం కారుతోపాటు అరిగిపోతుంది. రెండవది అరగదు. ఒక ప్రతినుంచి మరొక ప్రతి తీయటానికి ఖర్చు దాదాపు లేదు. కాని దానికి చూపు నేర్పటానికి మాత్రం ఎంతో ఖర్చు ఉన్నది.

ఈ నేర్పటం ఎటువంటిదో మన హైదరాబాదులోనే చూడవచ్చును. ఇక్కడి ట్రిపుల్ ఐటీ శాస్త్రజ్ఞులు ఇంటెల్ సంస్థతో కలిసి హైదరాబాదు, బెంగుళూరు నగరాలలోను, వాటి శివార్లలోను 182 ప్రయాణాలలో తీసిన దృశ్యాలనుంచి సుమారు 10,000 చిత్రాలను ఏర్చి, వాటిలోని వస్తువులను 34 తరగతులుగా గుర్తించి, 2018లో పరిశోధకులకు అందజేశారు. ఆటోరిక్షాకు అందులో ప్రత్యేక తరగతి ఉన్నది. విదేశపు వీధులలో నేర్చిన యంత్రానికి ఆటో ఏమి తెలుస్తుంది? అట్లే సంగారెడ్డి జిల్లా కందిలో, ఐ.ఐ.టి. హైదరాబాదు ఆవరణలో, సారథి లేని వాహనాల పరీక్షకై టిహాన్ అనే కేంద్రం ఏర్పాటు చేసిన స్థలాన్ని 2022 జూలై 4న కేంద్రమంత్రి జితేంద్రసింగ్ ప్రారంభించారు. మా ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డుపై రాత్రిపూట వెనుకదీపం లేని ట్రాక్టరు ఎదురైతే, లేక బర్రెల మంద అడ్డం వస్తే ఏమి చేయవలెనో యంత్రానికి ఎవరో ఒకరు నేర్పవలసిందే. ఈ చదువు ఒకనాటితో ముగిసేది కాదు. నెలనెలా చందా అడిగే కంపెనీల వాదానికి ఉన్న బలం ఇదే.

ఇక లెక్కకు వద్దాం. అమెరికాలో టెస్లా కంపెనీ ఈ సౌకర్యాన్ని చాలాకాలం ఏకమొత్తానికి అమ్మింది. 2021 జూలైలో నెలకు 199 డాలర్ల చందా కూడా పెట్టింది. అప్పుడు ఏకమొత్తపు ధర 10,000 డాలర్లు. 2022 సెప్టెంబరులో ఆ ధర 15,000 అయింది. 2024 ఏప్రిల్‌లో 8,000కు దిగింది, చందా 99కి తగ్గింది. 8,000ను 99తో భాగిస్తే సుమారు 81 నెలలు, అనగా ఆరు సంవత్సరాల తొమ్మిది నెలలు వస్తుంది. అంతకన్న ఎక్కువకాలం కారు ఉంచుకొనేవానికి క్రయమే మేలని తోస్తుంది.

కాని ఈ భాగహారంలో ఒక లోపం ఉన్నది. ముందే చెల్లించిన 8,000 డాలర్లకు వడ్డీ ఏమైంది? సంవత్సరానికి నూటికి 6 చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టి చూస్తే, రెండు పద్ధతులు సమానమయ్యే కాలం సుమారు 104 నెలలు, అనగా ఎనిమిది సంవత్సరాల ఎనిమిది నెలలు అవుతుంది. పదవ తరగతి లెక్కలు చెప్పే ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేయించి చూడవచ్చును.

ధర సంగతి అట్లా ఉంచి, కొన్నవానికి దక్కినదేమిటో చూద్దాం. తమ కార్లన్నిటిలోను పూర్తి స్వయంచాలనకు కావలసిన పరికరాలు ఉన్నవని ఆ కంపెనీ 2016 అక్టోబరులో ప్రకటించింది. 2024లో ఆ సౌకర్యపు పేరుకు "పర్యవేక్షణతో కూడిన" అనే విశేషణం చేర్చింది. సారథి లేని స్థితికి చేరేవరకు 0 నుంచి 5 వరకు మెట్లు లెక్కించే పద్ధతిలో అది రెండవ మెట్టు మీదనే ఉన్నది. అనగా మనిషి సీటులో కూర్చుండి రోడ్డు చూస్తూనే ఉండవలె. 2025 జనవరిలో కంపెనీ అధిపతి ఈలాన్ మస్క్, పాత కంప్యూటరున్న కార్లలో ఈ సౌకర్యం కొన్నవారికి ఆ కంప్యూటరునే మార్చవలసి వస్తుందని ఒప్పుకొన్నాడు. 15,000 పోసినవాడు కొన్నది వస్తువు కాదు, ఒక వాగ్దానం. 2025 జూలైలో ముంబయిలో అమ్మకాలు మొదలైనప్పుడు మన దేశంలో కూడా కారు ధరపై 6 లక్షల రూపాయలకు ఇదే సౌకర్యం జాబితాలో కనిపించింది. అది మన రోడ్లపై అప్పటికి పనిచేయటం లేదు. ఆ ఆరు లక్షలకు పైన చెప్పిన వడ్డీయే నెలకు 3,000 రూపాయలు. ఆశపడి వేచి ఉన్నందుకు పడే ఖర్చు అది!

మా మండలంలో రైతు ట్రాక్టరును కొననూ వచ్చును, గంటకింత అని కిరాయికి పిలువనూ వచ్చును. కిరాయి ట్రాక్టరు చెడిపోతే నష్టం దాని యజమానిది. కొన్న ట్రాక్టరు చెడిపోతే నష్టం రైతుది. అయినా దానిని విప్పించి బాగుచేయించుకొనే హక్కు, అక్కర తీరిన తరువాత అమ్ముకొనే హక్కు అతనికి ఉన్నవి. సాఫ్ట్‌వేరు కొన్నవానికి ఈ హక్కులు లేవు. అది ఆ కారునే అంటిపెట్టుకొని ఉంటుంది. దానిని విప్పరాదు, కంపెనీ అనుమతించినప్పుడు తప్ప మరొక కారుకు మార్చరాదు. యజమాని బరువంతా మోస్తూ యజమాని హక్కులు లేని ఈ వ్యవహారాన్ని క్రయం అనటం మాటను దుర్వినియోగం చేయటమే.

కనుక ఇంకా పూర్తికాని సరుకుకు చందాయే న్యాయమని నా అభిప్రాయం. పని నచ్చకపోతే వచ్చే నెల మానుకోవచ్చును. నష్టభయం తయారుచేసిన వానిపై ఉంటుంది. కాని చందా ఒక్కటే మిగిలితే మరొక చిక్కు ఉన్నది. 2026 ఫిబ్రవరి 14 తరువాత ఏకమొత్తపు అమ్మకం మానివేస్తామని, చందామీదనే ఇస్తామని మస్క్ ఆ సంవత్సరం జనవరిలో ప్రకటించాడు. రేపు చందా పెంచితే కారు యజమానికి మరొక దారి ఏది? కారు కంపెనీదే, కంప్యూటరు కంపెనీదే, తాళం కూడా కంపెనీ చేతిలోనే.

అన్నిటికీ చందా తగదు కూడా. 2022లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కొన్ని దేశాలలో సీటును వెచ్చబరచటానికి నెలసరి చందా అడిగింది. తీగ, పరికరం కారులోనే ఉన్నవి, వాటికి కొత్తగా నేర్పవలసిన చదువేమీ లేదు. కొన్నవారు నిరసించగా 2023లో ఆ పద్ధతి మానుకొన్నది. ఇక ప్రాణరక్షణ సంగతి వేరు. ఎదుట మనిషి కనిపించగానే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటును కొత్త కార్లలో తప్పనిసరి చేస్తూ 2024 ఏప్రిల్‌లో అమెరికా రోడ్డు భద్రతా శాఖ నియమం చేసింది. అటువంటి దానిని చందా కట్టలేదని ఆపరాదు. ఏలననగా దానివల్ల బ్రతికేవాడు చందాదారు కాకపోవచ్చును. రోడ్డు దాటే బడిపిల్లవాడు కావచ్చును.

నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: నెలనెలా నేర్చుకొంటూ మెరుగుపడే పనికి నెలనెలా కూలి ఇవ్వటం తప్పు కాదు. ఒకసారి చేసి ముగించిన పనికి మళ్ళీమళ్ళీ కూలి అడగటం తప్పు. ప్రాణం కాపాడే పనిని బేరంలో పెట్టటం అంతకన్న పెద్ద తప్పు. కారు అమ్మేవాడు ఏ పనికి డబ్బు అడుగుతున్నాడో ముందు విడదీసి చూడవలె, ఆ తరువాతనే పెన్సిలు తీసి లెక్క వేయవలె.