నల్లజాతి ఐక్యత - మన పఠనంలో ఒక లోపం

గోదావరి డెల్టాలోని ఒక కళాశాలలో నేను తెలుగు బోధిస్తున్నాను. కొన్నేళ్ల క్రిందట తరగతిలో "ఏడు తరాలు" గురించి మాట్లాడుతూ, నల్లజాతి వేదన యావత్తూ యీ ఒక్క గ్రంథంలో వున్నదని అన్నాను. వెనుక బల్ల మీది విద్యార్థి లేచి, "మాస్టారూ, కుంటాతో కలిపి సంకెల వేసిన మనిషిది వేరే భాష గదండీ. ఆయన వేదన కూడా ఇందులో వున్నట్టేనాండీ?" అని అడిగాడు. ఏదో చెప్పి ఆనాటికి తప్పించుకున్నాను. అతనికి నేను బాకీపడిన సమాధానమే యీ వ్యాసం.

అలెక్స్ హేలీ 1976లో ప్రకటించిన "రూట్స్" నవలను సహవాసి గారు సంక్షిప్తంగా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వెలువరించిన ఆ పుస్తకం "ఏడు తరాలు" అనే పేరుతో మన విద్యార్థుల చేతుల్లో నలిగినట్టు మరే అనువాదమూ నలగలేదంటే అతిశయోక్తి కాదు. అది చేసిన మేలును కాదనేవాడెవడూ లేడు. లోపం గ్రంథంలో లేదు, మనం చదివిన తీరులో వున్నది. మన గేయాలలోనూ ఉపన్యాసాలలోనూ మెసలే "నీగ్రో"కు ఒక కొరడా దెబ్బ, ఒక సంకెల, ఒక పాట వున్నాయి. ఊరు లేదు, భాష లేదు, మతం లేదు. అతడు మన సానుభూతికి ఆకారమే గాని మనిషి కాడు.

నవల చెప్పేది వేరు. కుంటా కింటే గాంబియాలోని జుఫూరే గ్రామంలో పుట్టిన మాండింకా యువకుడు, ముస్లిం. ఓడ అడుగున అతనితో కలిపి సంకెల వేసినవాడు వొలోఫ్ జాతివాడు. ఆ చీకటి కొట్టులో ఫులా వారున్నారు, ఇంకా ఎందరో వున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. రెండు భాషలు వచ్చినవారు మధ్యన నిలిచి, పక్కవాడి మాటను ఆవలివాడికి అందిస్తూ పోతే, నెమ్మదిగా ఆ కొట్టు అంతా ఒక సభ అవుతుంది. వెంటనే తిరగబడదామనే పక్షమూ, అదను చూద్దామనే పక్షమూ ఏర్పడతాయి. హేలీ చెప్పిన వంశచరిత్ర ఎంతవరకు నిజమనే విషయంలో చరిత్రకారులు సందేహాలు వెలిబుచ్చారు. హెరాల్డ్ కూర్లాండర్ నవల నుండి కొన్ని భాగాలు ఇందులో చేరాయన్న దావా 1978లో రాజీతో ముగిసింది. ఇవి దాచవలసిన సంగతులు కావు. అయినా ఓడ అడుగుభాగాన్ని చిత్రించిన ఘట్టంలోని సాహిత్యసత్యం చెక్కుచెదరలేదు. నల్లజాతి అనే ఏకత్వం ఆఫ్రికా నుండి ఎవరూ మూటగట్టి తెచ్చుకున్నది కాదు. అమ్మినవాడు అందరికీ ఒకే పేరు పెట్టాడు. అమ్ముడైనవారు ఒకరి మాట ఒకరికి తర్జుమా చేసుకొని, వాదించుకొని, ఆ పేరును ఐక్యతగా మలచుకున్నారు.

ఆ వాదం ఓడతో ముగియలేదు. 1956 సెప్టెంబరులో పారిస్‌లోని సోర్బాన్‌లో నల్లజాతి రచయితలు, కళాకారుల తొలి మహాసభ జరిగింది. "ప్రెజాన్స్ ఆఫ్రికేన్" పత్రికవారు దానిని ఏర్పాటు చేశారు. సెనెగల్ నుండి సెంఘోర్, మార్టినీక్ నుండి సెజేర్, అమెరికా నుండి రిచర్డ్ రైట్ ఒకే వేదిక మీదికి వచ్చారు. అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు నిరాకరించినందున వృద్ధుడైన డుబాయిస్ రాలేకపోయాడు. ఆయన పంపిన సందేశం అమెరికా ప్రతినిధులను ఇరుకున పెట్టింది. మనందరినీ కలిపేది వలస పాలన అనే స్థితి అని సెజేర్ అంటే, మా స్థితి అది కాదు, మేము ఆ దేశపు పౌరులమని అమెరికావారు అభ్యంతరం చెప్పారు. తెలుగు విమర్శకుడు అక్కడ వుంటే సభ విఫలమైందని వ్రాసి వుండేవాడు! నిజానికి ఆ సభ విలువ అంతా ఆ తగాదాలోనే వున్నది. 1961లో ఫానన్ మరొక అడుగు వేశాడు. అమెరికా నల్లవారి సమస్యలూ ఆఫ్రికావారి సమస్యలూ ఒకటి కావనీ, సంస్కృతి ముందుగా ఒక జాతి విముక్తి పోరాటంలో వేళ్లూనుకోవాలనీ వాదించాడు. ఆ మాట అన్నవాడు మార్టినీక్‌లో పుట్టి, అల్జీరియా విముక్తి కోసం పనిచేసినవాడు. భేదాన్ని గుర్తించటం వేరు, చేయి వదిలేయటం వేరు అనటానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మనబోటి వామపక్ష పాఠకులు మరీ శ్రద్ధగా చదవవలసింది సెజేర్ లేఖ. పారిస్ సభ ముగిసిన మరుసటి నెలలోనే, ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీకి రాజీనామా చేస్తూ ఆయన మోరిస్ తోరెజ్‌కు వ్రాసినది అది. నల్లవారి ప్రశ్న పెద్ద ప్రశ్నలో ఒక చిన్న భాగమనీ, అది తేలితే ఇదీ తేలుతుందనీ అనటాన్ని ఆయన నిరాకరించాడు. తనవారి చుట్టూ గోడ కట్టుకున్నవాడూ చెడతాడు, అందరిలో ఆనవాలు లేకుండా కరిగిపోయినవాడూ చెడతాడు అన్నది ఆయన వాదసారం. ఆయన పార్టీ విడిచినందుకు ఎవరైనా ఆయనను తప్పుపట్టవచ్చు. ఆ ప్రశ్నను మాత్రం తప్పించుకోలేరు.

ఇదంతా మనకెందుకు అంటారా? కాకినాడ పక్కన కోరంగి వున్నది. గోదావరి నోటి దగ్గర ఒకనాడు పెద్ద ఓడరేవు. 1839 తుఫానుకు దెబ్బతిన్నది. ఆ రేవు పేరే సముద్రం దాటిన తెలుగు కూలీకి ఇంటిపేరు అయింది. మారిషస్‌లో వారు కోరంగివారు. బర్మాలో అదే మాట తిట్టుగా మారింది. ఏ ఊరు, ఏ కులం అని అడగకుండా రేవు పేరే అందరికీ అంటగట్టారు. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. మడగాస్కర్ నుండీ మొజాంబిక్ నుండీ తెచ్చిన బానిసలు విముక్తులై వదిలిన చెరకు తోటల్లోకి ఒప్పంద కూలీలుగా మనవారు దిగారు. రెండూ ఒకటేనని నేను అనటం లేదు. గడువు కట్టిన కూలీ వేరు, కన్నబిడ్డ కూడా అమ్ముడుపోయే బానిస వేరు. కాని చెరకు కోసిన కత్తి ఒకటే. నేడు ఆ ద్వీపంలో రెండు ప్రపంచ వారసత్వ స్థలాలు వున్నాయి. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లోనూ, పారిపోయిన బానిసలు తలదాచుకున్న లే మోర్న్ కొండను 2008లోనూ గుర్తించారు. ఒక్క చిన్న దేశం రెండు జ్ఞాపకాలనూ విడివిడిగా నిలుపుకున్నది. ఆ మాత్రానికి దేశం విడిపోలేదు.

ఇక ఇంటికి వద్దాం. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికాలోని బ్లాక్ పాంథర్ల నుండి తీసుకున్నారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తరువాత తెలుగులో దళిత కవిత్వం ఉప్పెనలా వచ్చింది. 1994లో మాదిగ దండోరా మొదలైంది. రాజమండ్రిలో తెలుగు విశ్వవిద్యాలయ సాహిత్యపీఠంలో పనిచేసిన ఎండ్లూరి సుధాకర్ గారు "వర్గీకరణీయం" అనే దీర్ఘకావ్యం వ్రాశారు. దళితులలో ఎవరి వాటా ఎంత అని ఆ కావ్యం అడిగింది. అప్పుడు అభ్యుదయవాదులలో కొందరు ఐక్యత చెడుతుందన్నారు. నేనూ అన్నాను. ఏడు సముద్రాల ఆవల సెజేర్‌నూ ఫానన్‌నూ మెచ్చుకున్న నోటితోనే, గోదావరి గట్టు మీది కవిని గద్దించాను. 2022లో సుధాకర్ గారు కన్నుమూశారు. 2004లో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టివేసిన సుప్రీంకోర్టే, 2024 ఆగస్టు 1న రాష్ట్రాలు ఉపవర్గీకరణ చేయవచ్చునని తీర్పు చెప్పింది. కోర్టు తీర్పు కవిత్వానికి గీటురాయి కాదు. కాని అడిగినవాడిని చీల్చేవాడన్న మన తొందరపాటును అది మనకు గుర్తు చేయాలి.

భేదాలను పాలకులు వాడుకోరా అని మిత్రులు అడుగుతారు. తప్పక వాడుకుంటారు. అయితే వారి చేతికి చిక్కేది మనం నోరెత్తకుండా దాచిన భేదమే. నలుగురిలో పెట్టి తేల్చుకున్న భేదం వారికి అంతగా అక్కరకు రాదు.

కనుక "ఏడు తరాలు"ను మళ్లీ చదవమని నా విద్యార్థులకు చెబుతున్నాను. ఈసారి కుంటా ఒక్కడినే చూడవద్దు. ఆ చీకట్లో, పేరైనా మనకు దక్కని దుబాసీల మాట వినండి. పక్కవాడి భాషను ఆవలివాడికి అందించినవారు వారే. వారు లేకపోతే ఓడలో తిరుగుబాటు ఆలోచనే లేదు. విమర్శకుడి పని కూడా అదేనని వెనుక బల్ల మీది కుర్రవాడు నాకు నేర్పాడు.