ప్రైమో లెవీ సాక్ష్యము

నాజీల నిర్బంధశిబిరములనుగూర్చి వెలువడిన గ్రంథము లనేకములు. వానిలో ఇటలీదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ప్రైమో లెవీ 1947లో ప్రకటించిన ‘ఇతడు మనుష్యుడైనచో’ అను అర్థముగల పుస్తకమునకు ప్రత్యేకస్థానము కలదు. పేరున్న ప్రచురణసంస్థ మొదట దానిని నిరాకరింపగా, ట్యూరిను నగరమునందలి చిన్నసంస్థ యొకటి 2,500 ప్రతులు మాత్రమే అచ్చువేసినది. 1958లో పునర్ముద్రణము జరిగిన పిమ్మటగాని దానికి తగిన ప్రచారము కలుగలేదు.

1944 ఫిబ్రవరిలో లెవీ రమారమి 650 మంది యూదులతో గూడ సరకుబండిలో ఆష్‌విట్జ్‌నకు కొనిపోబడెను. వారిలో ఐదువందలకు పైబడినవారు రెండు దినములలోనే హతులైరి. పనికి ఏరబడిన పురుషులు మోనోవిట్జ్ శిబిరమున కృత్రిమరబ్బరు కర్మాగారమునకు కూలీలైరి. లెవీ పేరు పోయి, ముంజేతిపై 174517 అను పచ్చబొట్టు మిగిలెను.

ఇంత ఘోరమును చెప్పుచు గ్రంథకర్త ఎక్కడను కంఠమెత్తడు. ఇందు కరుణరసము పరిపుష్టము కాలేదని ఆక్షేపింపవచ్చును. కాని ఔచిత్యభంగమే రసభంగమునకు మూలమని మన ఆలంకారికులు చెప్పియుండలేదా? సాక్షి విలపించినచో న్యాయమూర్తికి పని యుండదు. ఇచట ఆ పీఠమున కూర్చుండవలసినవాడు పాఠకుడు.

అందుచేతనే లెవీ చిన్నవస్తువులను విడువడు. రొట్టెముక్కయే అక్కడి నాణెము. కాలికి సరిపడని కొయ్యచెప్పు పుండు చేయును. పుండు నడక నాపును. నడువలేనివానికి చావు తప్పదు. ఖైదీలకు గరిటెడు పులుసు పోయుదురు. చెంచా మాత్రము ఇయ్యరు. కుక్కవలె నాకవలయును, లేదా రొట్టె నమ్మి చెంచా కొనవలయును. శిబిరము విడుదలయైనప్పుడు కొట్లలో వేలకొలది చెంచాలు దొరకినవని ఆయన 1986 నాటి గ్రంథమున వ్రాసెను. లోపించినది చెంచా కాదు. ఎదుటివాడు మనుష్యుడను తలంపు. దీనిని చెప్పుటకు ఏ అలంకారము కావలయును?

ఒక పూర్వసైనికుడు సబ్బు లేక, మురికినీటితోనే ప్రతిదినము ముఖము కడుగుకొనుచుండెను. శుభ్రతకొరకు కాదు, తాను పశువు కాననుటకు. ఆచారమునకు అర్థమేమని వాదించు మనకు ఈ ఘట్టము ఆలోచనీయము.

గ్రంథమున లోపములు లేకపోలేదు. ఇది పురుషుల శిబిరము. స్త్రీల బ్రతుకు తెలియగోరువారు ఫ్రెంచి రచయిత్రి షార్లొట్ డెల్బో రచనలను చదువవలయును. బ్రతికినవారి చిత్రములు స్పష్టములు, మునిగినవారు ముఖములేని గుంపుగానే మిగిలిరి. కాని పూర్ణసాక్షులు మృతులేయని, తమవంటివారు కారని, లెవీయే పిదప ఒప్పుకొన్నాడు. ఆష్‌విట్జ్‌న మృతులు సుమారు 11 లక్షలు. వారిలో పది లక్షలమంది యూదులు. ఏ గ్రంథము ఆ లోపమును పూరింపగలదు?

పరాయివాడెల్ల శత్రువను నమ్మకము మనస్సులో అడగియుండు రోగమనియు, అది సిద్ధాంతమైనప్పుడు దాని తుదిఫలము శిబిరమనియు పీఠికలో లెవీ హెచ్చరించును. చరిత్రయు నట్లే నడచినది. 1933లో డాఖావు శిబిరము, 1935లో యూదుల పౌరసత్వమును హరించిన శాసనములు, పిదప సంహారము. తొలిమెట్టున ఊరకున్నవారు సామాన్యగృహస్థులే. కావున ఈ పుస్తకమును చదివి కన్నీరు విడిచినంతమాత్రమున చాలదు. ఇరుగుపొరుగులలో ఒకనిని పేరు విడిచి జాతితో మాత్రమే పిలుచు మాట మన యింట వినబడినప్పుడు, దానిని అచ్చటనే ఆపగల పాఠకునికే ఈ సాక్ష్యము చేరినట్లు.