ఎవరి భారం, ఎవరి లెక్క?

హెచ్‌ఐవి గురించి రాసే మేధావులకు ఇష్టమైన మాట 'జాతీయ భారం'. రాబోయే పదేళ్లలో ఎంతమందికి సోకుతుంది, ఎన్ని కోట్లు ఖర్చవుతాయి అని గుణించి దేశానికి జాతకం చెబుతారు. ఈ జాతకాలను దళిత విద్యార్థులు, కార్యకర్తలు పట్టించుకోవాలని మేము అంటున్నాం. ఎందుకంటే వాటిలో లెక్కకొచ్చే నెత్తురు మనది, లెక్కకు రాని ఖర్చూ మనదే.

2010 నాటికి భారతదేశంలో 2 నుంచి 2.5 కోట్ల మందికి హెచ్‌ఐవి ఉంటుందని 2002లో అమెరికా నేషనల్ ఇంటెలిజెన్స్ కౌన్సిల్ జోస్యం చెప్పింది. 2007లో కొత్త సర్వేలు కలిపి సరిచూస్తే, 50 లక్షలకు పైగా అనుకున్న అంకె సుమారు 25 లక్షలుగా తేలింది. 2023 అంచనా కూడా ఆ దగ్గరే ఉంది.

ఇంత తేడా ఎందుకొచ్చింది? జవాబు కొంత గుంటూరు జిల్లాలో దొరికింది. 2004-05లో పరిశోధకులు ఆ జిల్లా జనాభా నుంచి ఎంపిక చేసిన 12 వేల మందికి పైగా రక్తపరీక్ష చేశారు. సర్కారు పద్ధతిలో వచ్చే అంకె వీళ్ల అంకెకు రెండు రెట్లు మించి ఉంది. సర్కారు లెక్క ధర్మాసుపత్రికి వచ్చిన గర్భిణుల మీద, సుఖవ్యాధుల రోగుల మీద ఆధారపడింది. అక్కడికి వచ్చేది ఎక్కువగా పేదలు. పైగా అనుమానం ఉన్న రోగుల్ని ప్రైవేటు డాక్టర్లు అక్కడికే తోలేస్తారు. ఆ పేదల్లో ఏ వాడ వాళ్లు ఎక్కువో మన పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు. అంటే, గెంటివేత కూడా జాతీయ అంకెలో కలిసిపోయింది.

ఇక ఖర్చు సంగతి. 2000 నాటికి ధనిక దేశాల్లో మూడు మందుల చికిత్సకు మనిషికి ఏడాదికి 10 వేల డాలర్ల పైమాటే. ఆ ధరతో గుణించి, పేద దేశాలకు వైద్యం కుదరదు, నివారణే దిక్కు అన్న నిపుణులున్నారు. 2001లో సిప్లా కంపెనీ అదే చికిత్సను 350 డాలర్లకు ఇస్తానంది. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీదే పేటెంటు ఇచ్చింది గనుకే అది సాధ్యమైంది. 2005 సవరణతో ఆ తలుపు చాలావరకు మూసుకుంది. కాబట్టి ధర అనేది రాజకీయం. దాన్ని మార్చలేని విధిగా పెట్టుకున్న లెక్క కర్మ సిద్ధాంతానికి దగ్గర చుట్టం.

2004 ఏప్రిల్ నుంచి సర్కారు మందులు ఉచితంగా ఇస్తోంది. ఇది చిన్న విషయం కాదు. అయినా మందుల కోసం పోయిన కూలోడికి ఆ రోజు కూలి పోద్ది, బస్సు చార్జీ అవుద్ది. తండ్రి మంచాన పడితే ముందు బడి మానేది ఆడపిల్ల. ఖజానాలోంచి పోయే రూపాయే ఖర్చా, మన మొలలోంచి పోయేది కాదా? పైగా మందు వాడి వైరస్ పూర్తిగా అణిగిన మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదని ఇప్పుడు రుజువైంది. అలాంటి మందును ఉత్త భారం కింద రాయడమేంది?

జోగినుల సంగతి చూడండి. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. మాల మాదిగ ఆడపిల్లల్ని జోగినుల్ని చేసింది ఊరు. లెక్కల భాషలో మాత్రం ఒళ్లమ్ముకోక తప్పని ఆడది 'ముప్పు ఎక్కువున్న గుంపు'లో మనిషి. ముప్పు ఆమెతో వచ్చిందా, ఊరితో వచ్చిందా? జాతీయ అంచనాలు రాష్ట్రం వారీగా, వయసు వారీగా, ఆడా మగా వారీగా వస్తాయి. కులం వారీగా రావు.

అంచనాలు వద్దని మేము అనడం లేదు. ముందుచూపు లేకపోతే ఆసుపత్రిలో మందు అయిపోద్ది, ముందు దెబ్బతినేది మనమే. ఈసారి అలాంటి నివేదిక చేతికొస్తే మూడు ప్రశ్నలు అడగండి: ఎవరి నెత్తురు చూసి ఈ అంకె కట్టారు? మందు ధర ఎవరు పెట్టింది? రోగి ఇంటి ఖర్చు ఏ పేజీలో ఉంది?