సత్యభామ పక్కన నిలబడ్డవాడు

కూచిపూడి అనగానే కళ్ల ముందు నిలిచేది సత్యభామ. తెర మీదుగా ఇవతలికి వేసిన జడ, నడుం మీద చెయ్యి, వాలుచూపు. సర్కారువారి పోస్టర్లలోనూ ఆవిడే, నాట్యం నేర్పే బళ్ల బోర్డుల మీదా ఆవిడే. ఆమె పక్కన పంచె కట్టుకుని, చేత తాళాలు పట్టుకుని నిలబడే మనిషి మాత్రం ఫోటో అంచున సగం కోతపడి ఉంటాడు. సత్యభామ కథ ఆడే భామాకలాపంలో అసలు పనితనం ఆ సగం మనిషి చేతిలోనే ఉందని నా వాదన. సంగీతానికీ నాటకానికీ వేర్వేరు గదులు కట్టని బడి ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్నా ఆయన్నే చూడాలి.

విజయవాడ నుంచి బందరు రోడ్డున కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రు దగ్గర చల్లపల్లి దారి పడితే కూచిపూడి వస్తుంది. పక్కనే మొవ్వ, పదాల క్షేత్రయ్య ఊరు. 1672 నుంచి 1687 వరకు గోలకొండ ఏలిన అబుల్ హసన్ తానీషా ఇక్కడి భాగవతుల ఆట చూసి మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. భామాకలాపం కట్టిన సిద్ధేంద్ర యోగి, ఈ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని కూడా చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి అన్న ఇంటిపేర్లు వింటే చాలు, తెలుగు నాట్యం మీద కాస్త చూపున్నవాళ్లకి ఊరు తెలిసిపోతుంది. చాలాకాలం ఆ ఇళ్లే బళ్లు. తండ్రి తాళం వేస్తుంటే కొడుకు అడుగు వేసేవాడు. వేషం కట్టే వయసు రాకముందే పిల్లవాడికి నాటకం మొత్తం, అందరి మాటలతో సహా, చెవిన పడిపోయేది.

పేరూ హాజరుపట్టీ ఉన్న బడి 1950ల చివర వచ్చింది. బందా కనకలింగేశ్వరరావు వకీలు, అంతకుమించి రంగస్థలం మీద పేరున్న నటుడు. ఆ బడి, అంటే సిద్ధేంద్ర కళాక్షేత్రం వెనుక ఆయన పట్టుదల ఉంది. ఆ కాలం అలాంటిది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ జరిపిన నృత్య సదస్సులో కూచిపూడిని శాస్త్రీయ నృత్యంగా ఒప్పుకోవడానికి కొందరికి మనసొప్పలేదు. మరుసటి ఏడు హైదరాబాదులో మనవాళ్లు వేరే సదస్సే పెట్టి ఆ ముచ్చట తేల్చుకున్నారు. శాస్త్రీయం అనిపించుకోవాలంటే పాఠ్యక్రమం, పరీక్ష, పట్టా ఉండాలి కదా మరి. కళాక్షేత్రం తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం కిందికి వచ్చి, సిద్ధేంద్ర యోగి కళాపీఠం అయింది.

విజయవాడలో ఘంటసాల పేరు మీద ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా పనిచేసిన చోటు. అక్కడ గాత్రం నేర్చుకునే పిల్లలు చాప మీద కూర్చుని, శ్రుతిపెట్టె ఆన్ చేసుకుని, తొడ మీద తాళం వేస్తూ సరళీస్వరాలు మొదలుపెడతారు. కూచిపూడి పద్ధతిలో అదే తాళం అరికాళ్లలోకి ముందు దిగుతుంది. అరమండిలో కూర్చుని అడుగులు తొక్కుతూ, నోటితో జతి చెబుతూ, చేత్తో లెక్క చూపిస్తూ మూడు పనులూ ఒక్కసారే చెయ్యాలి. తర్వాత శబ్దాలు వస్తాయి. మండూక శబ్దం, రామాయణ శబ్దం, దశావతార శబ్దం. ఆపైన పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం. చూసేవాళ్లు పళ్లేనికి చప్పట్లు కొడతారు. ఆ ముచ్చట నాకూ ఇష్టమే. కానీ పళ్లెం మీద నిలబడటం కాళ్లకు పరీక్ష, మనిషికి కాదు. మనిషికి పరీక్ష భామాకలాపంలో మొదలవుతుంది. కారణం ఒక్కటే: అక్కడ ఆడుతూ పాడాలి, పాడుతూ మాట్లాడాలి, మాట్లాడుతూ మళ్లీ తాళంలోకి జారుకోవాలి.

ఇక ఆ సగం మనిషి, అంటే సూత్రధారి పని చూద్దాం. ఆట మొదలుకాకముందే ఆయన పని మొదలవుతుంది. రంగస్థలం శుద్ధి చెయ్యడం, ముగ్గు వెయ్యడం, దీపం చూపించడం, ఇంద్రధ్వజానికి గుర్తుగా జర్జరం తేవడం, గణపతిని తలచుకోవడం, ఊరి దేవత బాలాత్రిపురసుందరికి అంబాపరాకు చెప్పడం. ఈ పూర్వరంగమంతా ఆయన కనుసన్నలలో నడుస్తుంది. నేడు చాలాచోట్ల అయిదు నిమిషాల్లో దులిపేస్తారు. తీరిగ్గా చేసినప్పుడు చూస్తే దాని ప్రయోజనం తెలుస్తుంది. వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, పిల్లల్ని కేకలేస్తూ కూర్చున్న జనాన్ని ఒక్క శ్రుతి మీదికి తెచ్చే పని అది.

అప్పుడు తెర. ఇద్దరు మనుషులు రెండు కొసలూ పట్టుకున్న గుడ్డ, అంతే. దాని మీదుగా జడ ఇవతలికి పడుతుంది. ముఖం కనబడదు. రాకిడి, చంద్రవంక, నాగరం, కింద కుప్పెలు, అన్నీ పెట్టిన జడ. నా అంత సొగసుకత్తె ఉంటే వచ్చి ఈ జడ తీసి చూడమని సభకు విసిరిన సవాలు అది. జడ తెర మీద ఊగుతున్నంతసేపూ సూత్రధారి ఇవతలి నుంచి ప్రశ్నలు వేస్తాడు: ఎవరమ్మా, ఎక్కడినుంచి రాక, ఈ హొయలు ఎందుకు. భామ తెర వెనుక నుంచే జవాబిస్తుంది. పాత్ర ముఖం చూపించకముందే ఆమె అహం మనకు తెలిసిపోయింది. వెంటనే ప్రవేశదరువు. తానెవరో, తన అందమేమిటో, తన మొగుడి దగ్గర తన స్థానమేమిటో తానే పాడుకుంటూ వస్తుంది. పెట్రోమాక్స్ దీపాలు కూడా లేని రోజుల్లో కాగడా మంట మీద గుగ్గిలం పొడి చల్లి ఈ క్షణానికి వెలుగు భగ్గుమనిపించేవారు. నగలు బూరుగు చెక్కతో చేసేవారు, రాత్రంతా మోస్తూ ఆడాలి కాబట్టి.

ఇక్కడే సూత్రధారి మాధవి అయిపోతాడు. వేషం మార్చడు. పంచె పంచెగానే ఉంటుంది, తాళాలు చేతిలోనే ఉంటాయి. ఒక్క మాటతో, మెడ వంపుతో సత్యభామకు చెలికత్తె అవుతాడు. ఆటలో తర్వాత కృష్ణుడి దగ్గరికి వెళ్లినప్పుడు అదే మనిషి మాధవుడు. భామ వైపు ఆడది, కృష్ణుడి వైపు మగవాడు, మనవైపు తిరిగితే సూత్రధారి. ముగ్గురినీ మోసేవాడు ఒక్కడే. ముఖానికి రంగేసి, జడ కట్టి, గాజులు తొడిగి ఒక మగవాడు ఆడదానిగా నిలబడ్డాడు. పక్కన ఏమీ తొడగని మరో మగవాడు అతనితో ఆడదానిలాగే మాట్లాడుతున్నాడు. వేషం లేనివాడు ఏమాత్రం తొట్రుపడకుండా ‘అమ్మా’ అని పిలిచాడు కాబట్టి వేషం ఉన్నవాడు మన కళ్లకు నిజంగా సత్యభామ అయ్యాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) భామ వేషాన్ని గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. 1970లో పద్మశ్రీ వచ్చింది కూడా. నాకు తోచేదేమిటంటే, అంత గొప్ప భామ ఒంటరిగా నిలబడలేడు. నమ్మే చెలికత్తె ఒకరుండాలి.

మొగుడి పేరు చెప్పే ఘట్టం చూడండి. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. భామ విరహంలో ఉంది. మాధవి సాయం చేస్తానంటుంది, కానీ ఒక చిక్కు పెడుతుంది: ఇంతకీ మీ ఆయన పేరేమిటమ్మా? మన ఇళ్లలో పాతకాలపు ఆడవాళ్లు భర్త పేరు నోటితో చెప్పేవారు కాదు. సత్యభామంతటి గర్విష్ఠి కూడా ఆ కట్టుబాటు దగ్గర చిక్కుకుంది. ఆమె సైగలు చేస్తుంది, వర్ణిస్తుంది, పాడుతుంది. మాధవికి ఎంతకీ అర్థం కాదు. సభలో చంటిపిల్లలకు కూడా తెలిసిన పేరు ఆయనొక్కడికే తెలియదు. ఆమె పాటలో జవాబిస్తుంటే ఆయన వాడుక తెలుగులో, మన వీధి అరుగు మీద మాటల్లాంటి మాటల్లో ప్రశ్న వేస్తాడు. శాస్త్రం భామది, లోకం మాధవిది.

ఈ ఘట్టంలో తాళాలు పట్టిన చెయ్యి ఎంత పని చేస్తుందో గమనించండి. ప్రశ్న పడగానే జనం నవ్వుతారు. ఆ నవ్వు పూర్తిగా ఆరకముందే దరువు ఎత్తుకోవాలి. మరీ ముందు ఎత్తుకుంటే పాట మొదటి మాట నవ్వులో కొట్టుకుపోతుంది. ఆలస్యమైతే భామ ముఖంలో సిగ్గు వెలిసిపోయి, ఆమె ఊరికే నిలబడినట్టుంటుంది. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేని లెక్క. ఊరూరికీ, రాత్రి రాత్రికీ మారే లెక్క. ఇంకోటి. తీర్మానం తొక్కి ముగించిన వెంటనే నటుడికి రొప్పు వస్తుంది. వెంటనే పాడమంటే గొంతు పలకదు. అప్పుడే మాధవికి ఏదో ఒక సందేహం పుట్టుకొస్తుంది. ఆ సందేహం ఎంత పొడుగుండాలో భామ ఊపిరి నిర్ణయిస్తుంది. చూసేవాళ్లకి అది హాస్యం. పక్కనున్న నటుడికి ఊపిరి తీసుకునే వ్యవధి. పెళ్లిలో పీటల మీద కూర్చున్న పిల్ల కొంగు జారకుండా, అక్షింతల పళ్లెం అందేలా, భజంత్రీలు సమయానికి మోగేలా అన్నీ చూసుకుంటూ, ఎవరి కంటా పడని పిన్నమ్మ ఒకావిడ ఉంటుందే, అచ్చం ఆవిడ పని.

లేఖ ఘట్టంలో ఆయన మళ్లీ రంగు మారుస్తాడు. భామ ప్రాణాలన్నీ కూడగట్టుకుని ఉత్తరం రాస్తుంది. మాధవి దాన్ని తీసుకెళ్లడానికి నగ కావాలని బేరం పెడుతుంది. విరహం గాఢమయ్యే చోట ఈ బేరమేమిటని కొందరు పెద్దలు విసుక్కుంటారు. నాకు మాత్రం నాటకం మొత్తంలో తెలివైన చోటు అదే. జడ విసిరి సభనంతా సవాలు చేసిన మనిషి, ఒంటిమీది నగ వొలిచి ఇవ్వడానికి ఒప్పుకునే దాకా దిగివచ్చింది. ఆమె గర్వం ఎంత కరిగిందో ఏ పద్యమూ చెప్పనక్కర్లేదు, బేరం చెప్పేస్తుంది.

ఈ పనికి ఎవరు కావాలి? రాగం తెలిసినవాడు, ఎందుకంటే వచ్చే దరువుకి శ్రుతి అందించాలి. జతులు నోట ఆడేవాడు. తాళం తప్పనివాడు. అన్ని పాత్రల మాటలూ కంఠస్థమైనవాడు, ఎవరు తడబడినా అందించడానికి. అప్పటికప్పుడు మాట పుట్టించగలిగినవాడు. పైగా తన ముఖం మీద ఎవరి చూపూ ఎక్కువసేపు నిలవకుండా చూసుకోగలిగినవాడు. చివరిది అన్నిటికంటే కష్టం. వేంకటరామ నాట్యమండలిని నడిపిన చింతా కృష్ణమూర్తి వంటివారు మేళానికి పెద్దలుగా నిలవగలిగింది ఇవన్నీ ఒక్క ఒంట్లో ఇమిడినందువల్లే.

తర్వాత ఆట రూపమే మారింది. వెంపటి చిన సత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడెమీ పెట్టి రాత్రంతా సాగే ఆటను రెండు గంటల నృత్యనాటకంగా చెక్కారు. పట్రాయని సంగీతరావు సంగీతంతో వచ్చిన ఆ నాటకాల అందం కాదనలేనిది. వేదిక మీద గీత గీసినట్టుండే అమరిక కూచిపూడికి అప్పుడే అబ్బింది. అయితే పాట వేదిక పక్కన మైకు ముందు కూర్చున్న గాయకులకు వెళ్లింది. నర్తకి పెదవులు కదుపుతుంది, గొంతు వేరొకరిది. గొంతు ఇంకొకరి దగ్గరుంటే రొప్పుకు వ్యవధి ఇవ్వాల్సిన పని లేదు, నవ్వుకోసం ఆగాల్సిన పని లేదు. అంటే సూత్రధారితో కూడా అంత పని లేదు. తర్వాత ఏకపాత్ర నృత్యాలు వచ్చి ఆయన్ని పూర్తిగా నట్టువాంగం దగ్గర కూర్చోబెట్టాయి. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా ఒక్కసారే హిందోళ తిల్లానా ఆడి గిన్నిస్ పుస్తకానికి ఎక్కారు. అంతమందిలో ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకునే అవసరం ఎవరికీ రాలేదు.

పాత పద్ధతిని పొగిడేటప్పుడు ఒక సంగతి దాటవెయ్యకూడదు. భామాకలాపం కూచిపూడి మగవాళ్ల సొత్తు మాత్రమే కాదు. కృష్ణా, గోదావరి జిల్లాల కళావంతులు, ఆడవాళ్లు, తమ బాణీలో ఆడేవారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ చట్టంతో వాళ్ల ఆటకు చోటు లేకుండా పోయింది. కొద్ది ఏళ్లకే కూచిపూడికి బడీ, పట్టా వచ్చాయి. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి (1886–1956) ఆడవాళ్లకు నేర్పి అగ్రహారపు తలుపు తెరిచారు. ఇవాళ కూచిపూడి నేర్చుకునేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. వాళ్లందరికీ భామ ప్రవేశం నేర్పుతారు. మాధవి మాటలు నేర్పేది తక్కువ. ఆడపిల్ల సూత్రధారి అయితే, మగవాళ్ల కోసం కట్టిన ఆ హాస్యం ఏ మలుపు తిరుగుతుందో చూడాలని నాకు ఆశ.

కూచిపూడిలో ఏటా సిద్ధేంద్ర యోగి ఉత్సవాలు జరుగుతాయి. పాత పద్ధతిలో, నటులు తామే పాడే భామాకలాపం ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. తాళాలు మోగేవైపు కూర్చోండి. భామ ప్రవేశదరువు ఒకసారి తనివితీరా చూశాక, మాధవి మొదటి ప్రశ్న వేసినప్పటి నుంచీ ఆమెను వదిలేసి ఆయన చేతులనే చూడండి. ఎప్పుడు తాళం ఆపాడో, ఎప్పుడు అందుకున్నాడో లెక్క దొరుకుతుందేమో ప్రయత్నించండి. మధ్యలో ఆయన మీవైపు తిరిగి, ఈవిడ మొగుడి పేరు మీకేమైనా తెలుసా అని అడిగినా అడుగుతాడు.