పాత కారు వైపర్‌ను విప్పే విద్య

దుర్గి పేరు చెబితే పల్నాటి వాళ్లకు మొదట గుర్తొచ్చేది రాతిశిల్పాలు. భౌగోళిక గుర్తింపు కూడా దక్కిన పని అది. ఇదే ప్రాంతంలో రోడ్ల పక్క రేకుల షెడ్లలో మరో చేతిపని సాగుతోంది. అది పాత కార్ల కరెంటు పని. దాని గురించి ఎవరూ రాయరు. అందులో వైపర్ మోటారును విప్పి బాగుచేసే నేర్పంటే నాకు ఎక్కువ గౌరవం.

పల్నాడులో ఏడాదిలో చాలా నెలలు వైపర్‌తో పని ఉండదు. రోహిణి ఎండలకు గ్రీజు గట్టిపడుతుంది, సున్నపురాయి దుమ్ము దాంట్లో కలుస్తుంది. మృగశిరలో మొదటి వాన పడి స్విచ్ వేస్తే మోటారు మూలుగుతుంది తప్ప అద్దం తుడిచే పుల్లలు కదలవు. మోటారు కాలిపోయిందని యజమాని తేల్చేస్తాడు. చాలాసార్లు అది నిజం కాదు.

పాత కార్లలో అంబాసిడర్‌నే తీసుకుందాం. దాని మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో విరివిగా కనిపించేది లూకాస్ కంపెనీ వైపర్ మోటారు. మోడల్‌ను బట్టి తేడాలున్నాయి కాబట్టి, డీఆర్3ఏ రకం లెక్కలే చెబుతాను. మోటారు గుండ్రంగా తిరుగుతుంది. గేరు పెట్టె ఆ తిరుగుడును ముందుకూ వెనక్కూ లాగుడుగా మారుస్తుంది. గొట్టంలో నడిచే పళ్ల కేబుల్ ఆ లాగుడును అద్దం కింద పుల్లలను ఆడించే రెండు వీల్‌బాక్సులకు అందిస్తుంది.

మంచి మేస్త్రీ ముందు బ్యాటరీ వైరు పీకుతాడు, పుల్లలు తీస్తాడు. గొట్టం నట్టు వదులు చేసి, మోటారుతోపాటు కేబుల్‌ను బయటికి లాగుతాడు. అప్పుడే అసలు పరీక్ష. కేబుల్‌ను మోటారు నుంచి విడదీసి గొట్టంలోకి తిరిగి దూర్చి, స్ప్రింగ్ కాటా తగిలించి లాగాలి. సుమారు 2.7 కిలోలకు మించి బలం పట్టిందంటే దోషం మోటారుది కాదు, గొట్టానిదో వీల్‌బాక్సుదో. ఈ ఒక్క పరీక్ష చేయక ఎన్నో మంచి మోటార్లు పాత ఇనుముకు పోయాయి.

గేరు పెట్టె మూతమీది గుండ్రని బిళ్లను కదిపే ముందు రెండిటికీ కలిపి గీత గీయాలి. పుల్లలు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ బిళ్లే. రాతిమీద గీత పడకుండా ఉలి వేయని శిల్పి జాగ్రత్తే ఇక్కడా కావాలి.

తరవాత మోటారులో తిరిగే భాగం, ఆర్మేచర్. దాని కొసన రాగి పలకలుండే కమ్యూటేటర్‌ను పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవాలి. మరకలు పోకపోతే సన్నని గ్లాస్ పేపర్ వాడాలి. ఎమరీ కాగితం మాత్రం వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడిపోతాయి. రాగి పలకల మధ్య ఇరుక్కున్న కార్బన్ పొడిని ఓపికగా గీకి తీయాలి. ఫీల్డ్ కాయిల్‌ను మల్టీమీటర్‌తో చూస్తే 8 నుంచి 9.5 ఓమ్‌లు రావాలి. ఆర్మేచర్ ఇరుసును మోసే బుష్‌ను ఎస్‌ఏఈ 20 ఇంజిన్ ఆయిల్‌లో 24 గంటలు నానబెట్టాలి. తొందరపడి పైపైన చుక్క వేస్తే బుష్ నూనెను సరిగా పీల్చుకోదు. బిగించాక ఆర్మేచర్ ముందుకూ వెనక్కూ 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు మాత్రమే ఆడాలి.

ఈ కొలతలు చాలామంది మేస్త్రీలు పుస్తకంలో చదవలేదు. గురువు పక్కన కూర్చుని, వేళ్లతో పట్టుకున్నారు. ఆ విద్య విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది, ఎందుకంటే అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఫిట్‌నెస్ తనిఖీ తప్పదు, అందులో వైపర్ కూడా చూస్తారు. కొత్త మోటారు దొరక్కపోతే పాతదాన్ని బతికించే చెయ్యే దిక్కు.

మీ ఇంటి వసారాలో అలాంటి కారు ఉంటే, వానలు మొదలయ్యే ముందే దగ్గర్లోని పాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన విప్పుతుంటే పక్కన నేర్చుకునే కుర్రాణ్ని కూర్చోబెట్టండి.