రాకేల్ ఆవర్‌బాఖ్: సినిమా చెప్పని పద్నాలుగేళ్లు

రోబెర్టా గ్రాస్‌మన్ 2018లో తీసిన ‘హూ విల్ రైట్ అవర్ హిస్టరీ’ మంచి డాక్యుమెంటరీనే. సామ్యుయేల్ కాసో 2007లో రాసిన పుస్తకం దానికి ఆధారం. కానీ పెద్దోళ్ల మాటలు పోగు చేసే పనిలో ఉండే మన మాదిరి వాళ్లకు అది సగం కథే. మనకు పనికొచ్చేది ఆ మిగతా సగంలో ఉండాది.

ముందు సినిమా కథ చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వార్సా యూదులను ఒక పేటలోకి తోసి చుట్టూ గోడ కట్టేసినారు. దాన్నే గెట్టో అంటారు. ఆ గోడ లోపల ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు గుట్టుగా ఒక గుంపును కూడగట్టినాడు. డైరీలు, బడి పిల్లోళ్ల వ్యాసాలు, జనం చెప్పుకునే జోకులు, ట్రాము టికెట్లు కూడా దాపెట్టించినాడు. 1942 ఆగస్టులో కొన్నింటిని రేకు పెట్టెల్లో, 1943 ఫిబ్రవరిలో కొన్నింటిని పాల క్యానుల్లో పెట్టి పాతినారు. ఆ గుంపులో బతికి బయట పడింది ముగ్గురే. వాళ్లలో ఒకరు రాకేల్ ఆవర్‌బాఖ్. గెట్టోలో పేదోళ్లకు గంజి పోసే వంటశాల నడిపిన రచయిత్రి ఆమె. యుద్ధం అయిపోయినాక, శిథిలాల కింద కాగితాలు ఉండాయి, తవ్వండి అని పట్టు పట్టినోళ్లలో ఆమె ముందుంది. 1946లో పెట్టెలు, 1950లో క్యాన్లు దొరికినాయి.

సినిమా ఈ కథను ఆవర్‌బాఖ్ కళ్లతోనే చూపిస్తుంది. అది సరైన పనే. యొవితా బుద్నిక్ ఆ పాత్రలో బాగా చేసింది. కానీ ఆవర్‌బాఖ్ రాతలను మనకు చదివి వినిపించేది జోన్ అలెన్ అనే అమెరికా నటి, ఇంగ్లీషులో. ఆవర్‌బాఖ్ యిడ్డిష్ రచయిత్రి. ఆ భాష మాట్లాడే జనాన్నే తుడిచి పెడతా ఉంటే, ఆ భాషలోనే కూర్చుని రాసిన మనిషి. ప్రపంచమంతా చూడాలంటే ఇంగ్లీషు కావాల్సిందే, ఒప్పుకుంటాను. అయినా మన మాదిరి చూసేవాళ్లకు అది చెవిలో ముల్లు మాదిరి గుచ్చుకుంటుంది.

నా రెండో అభ్యంతరం ఇంకా పెద్దది. సినిమా బరువంతా గెట్టో మీదే పడింది. ఆమె తరువాత చేసిన పని పక్కకు పోయింది. 1950లో ఆవర్‌బాఖ్ ఇజ్రాయెల్ చేరుకుంది. అక్కడి యాద్ వషేమ్ చనిపోయిన యూదుల జ్ఞాపకార్థం 1953లో చట్టం చేసి పెట్టిన సంస్థ. మ్యూజియం, దస్తావేజుల భాండారం రెండూ దాంట్లోనే ఉండాయి. 1954 నుంచి 1968 దాకా అందులో సాక్ష్యాలు పోగు చేసే విభాగానికి ఆవర్‌బాఖే పెద్ద. పాతిపెట్టిన క్యాను కథ సినిమాకు ఒదుగుతుంది. మనిషిని పిలిపించి, కూర్చోబెట్టి, గంటలు గంటలు విని, రాయించి, మళ్లీ చదివి వినిపించే ఉద్యోగం ఒదగదు. కానీ భాండారం నడపడమంటే ఎక్కువగా ఈ రెండో పనే.

ఆ పనిలో ఆమె చేసిన నిర్ణయాలు చూడండి. సంస్థ జెరూసలేంలో ఉంటే, ఆమె విభాగం తెల్ అవీవ్‌లో నడిచింది. బతికొచ్చినోళ్లు ఎక్కువ మంది ఉండేది ఆ పక్కనే. అప్పట్లో ఇజ్రాయెల్ రాజ్యభాష హీబ్రూ, యిడ్డిష్ అంటే చాలా మందికి చిన్నచూపు. అట్లాంటి కాలంలో ఆమె విభాగం యిడ్డిష్‌లో, పోలిష్‌లో, ఇంకా సాక్షికి వచ్చిన ఏ భాషలో అయినా సాక్ష్యం తీసుకునింది. టేపు రికార్డరు కూడా వాడింది. మా తాలూకా ఆఫీసులో అర్జీ ఏ భాషలో ఇవ్వాలి అని వెనకాడిన మన పెద్దోళ్లను తలచుకుంటే ఈ నిర్ణయం విలువ మనకు వేరే చెప్పాల్సిన పని లేదు.

దీనికి లోపలి నుంచే ఎదురు దెబ్బలు తగిలినాయి. అప్పుడు సంస్థ అధ్యక్షుడు బెన్-సియోన్ దినూర్. పేరున్న చరిత్ర ఆచార్యుడు, మంత్రిగా కూడా చేసినాడు. చదువుకున్న చరిత్రకారుల లెక్కలో గట్టి ఆధారమంటే కాగితం, అంటే ఆఫీసు ఉత్తర్వులు, జాబితాలు. మనిషి జ్ఞాపకం దాని కింద మెట్టు. 1958లో ఈ గొడవ పత్రికలకు ఎక్కింది. 1959లో దినూర్ తప్పుకున్నాడు. ఆవర్‌బాఖ్ నిలబడింది. ఆచార్యుల మాటలో నిజం లేకపోలేదు, జ్ఞాపకం తేదీలను కలగలుపుతుంది. కానీ ఆ కాగితాలు రాసినోళ్లెవరు? చంపినోళ్లు. వాళ్ల లెక్కల్లో చనిపోయినోడు ఒక అంకె. వాడి ఊరి పేరును వాళ్ల ఇంట్లో ఎట్లా పలికేవాళ్లో ఆ జాబితా చెప్పదు.

1961లో ఐఖ్‌మన్ విచారణ వచ్చినప్పుడు ఎవరి వాదన గట్టిదో తేలింది. యుద్ధం అయిన వెంటనే నూరెంబర్గ్‌లో జరిగిన విచారణ ఎక్కువగా కాగితాల మీద నడిచింది. ఈసారి వందకు పైగా సాక్షులు బోనెక్కి నోటితో చెప్పినారు. వాళ్లను ఎంచడంలో ఆవర్‌బాఖ్ విభాగం తోడుపడింది, ఆమె కూడా సాక్ష్యం చెప్పింది.

ఆమె విభాగంలోనూ నాకు ఒక లోటు కనిపిస్తుంది. సాక్ష్యం చివరికి టైపు కాగితంగా మారుతుంది. యిడ్డిష్‌లో ‘కొనడం’ అనే మాటను పోలండు పక్క ‘కోయ్‌ఫన్’ అంటే, లిథువేనియా పక్క ‘కేయ్‌ఫన్’ అంటారు. రాసేటప్పుడు మాత్రం రెండింటికీ అక్షరాలు అవే. కాగితం చదివితే ఏం జరిగిందో తెలుస్తుంది, చెప్పిన గొంతు ఏ ఊరిదో తెలియదు. ఆ పని 1959 ప్రాంతంలో న్యూయార్క్‌లో ఇంకొకాయన ఎత్తుకున్నాడు. యూరియల్ వైన్‌రైక్ అనే భాషావేత్త కొలంబియా విశ్వవిద్యాలయంలో యిడ్డిష్ మాండలికాల పటం మొదలు పెట్టి, ఊరూరి మాటను టేపు మీదకెక్కించే పని నడిపించినాడు. ఆయన 1967లో పోయినాక కూడా పని సాగింది. మొత్తం టేపులు ఐదు వేల గంటలు దాటినాయి. ఒక చోట సంగతి, ఇంకొక చోట గొంతు. రెండూ ఒకే కప్పు కింద చేరి ఉంటే ఎంత బాగుండేదో!

మన మధ్య తిరిగే రికార్డింగుల రాతప్రతులు చూసినప్పుడంతా నాకు ఇదే గుర్తుకొస్తుంది. హోసూరు పక్క జేజి ‘వాన వస్తా ఉండాది’ అంటుంది. రాసేవాళ్లు ‘వర్షం వస్తోంది’ అని దిద్దుతారు. చదివేవాళ్లకు సులువని అట్లా చేస్తారు, చెడ్డ ఉద్దేశంతో కాదు. కానీ అది సోలాపూరు నేతపని తాత మాటైనా, బరంపురం అత్త మాటైనా, దిద్దిన తరువాత అన్నీ ఒకే పాఠ్యపుస్తకం మాదిరి అయిపోతాయి. అప్పుడు మనం దాపెట్టింది ఎవరి మాట?

సినిమా చూడండి, తప్పక చూడండి. కానీ ఆవర్‌బాఖ్‌ను పాల క్యాన్ల దగ్గరే వదిలేయొద్దు. ఆ తరువాతి ఆఫీసు బల్ల దగ్గర కూడా ఆమెను చూడాలి. ఆ బల్ల ముందర కూర్చున్న సాక్షికి వేరే భాషలో చెప్పాల్సిన అవసరం రాలేదు. మన రాతప్రతుల్లో కూడా పెద్దోళ్ల మాట పలికినట్టే మొదటి వరసలో ఉండాలి. అర్థం కావాల్సినోళ్లకు వాడుక తెలుగు దాని కింద రాసుకోవచ్చు.